రామ్‌నగర్ అంకె, జ్ఞానాపురం పొడి

విశాఖ జ్ఞానాపురంలో ఎండాకాలం ఓ మేడ మీద తెల్ల టైలు ముక్క పెట్టి, మర్నాడు అదే వేళకి వేలితో గీస్తే గీత పడుతుంది. గీత తెల్లగా, చుట్టూ నల్లగా. వేలికంటిన పొడిని బొటనవేలితో నలిపితే సన్న ఇసుకలా గరగరలాడుతుంది, ఎండలో పెడితే మెరుస్తుంది. లారీ పొగ మసి ఇలా ఉండదు. అది జిడ్డుగా అంటుకుని సాగుతుంది. గరగరలాడి మెరిసేది బొగ్గు, ఓడల్లో వచ్చి రేవు యార్డుల్లో కుప్పలుగా పోసి ఉండేది. అదే రోజు ఫోన్ తెరిస్తే నగరం గాలి "సంతృప్తికరం" అని లేతపచ్చ రంగులో కనిపించవచ్చు. ఫోన్ అబద్ధం చెప్పడం లేదు, టైలూ అబద్ధం చెప్పడం లేదు. రెండూ కొలిచేది వేరు. ఆ తేడా అర్థమైతే విశాఖలో ఎవరి ఇంటి దుమ్ము లెక్కలోకి వస్తోందో, ఎవరిది రావడం లేదో తెలుస్తుంది.

ముందు నేల సంగతి. విశాఖ ఒక గిన్నె లాంటిది. ఉత్తరాన సింహాచలం, కైలాస కొండల వరస. దక్షిణాన యారాడ కొండ, దాని సముద్రం వైపు కొస డాల్ఫిన్ నోస్. మధ్యలో పల్లం. తుపాను గాలికి ఆ కొండ అడ్డు నిలుస్తుంది కనకే 1933లో ఇక్కడ ఓడరేవు తెరిచారు. రేవు ఉంది కనక 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ తర్వాత పదేళ్ళకి ఎరువుల కర్మాగారం, బైలదిల్లా ఇనప ఖనిజాన్ని మోసుకొచ్చే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, 1976లో ఔటర్ హార్బర్, మరుసటి ఏడాది జింకు కర్మాగారం వచ్చాయి. నైరుతిగా ఉక్కు కర్మాగారం వెలిసింది. పనికోసం వచ్చినవాళ్ళు పనికి దగ్గరలోనే ఇళ్ళు వేసుకున్నారు. వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం, శ్రీహరిపురం, మింది, గాజువాక అలా నిండాయి. 2011 జనాభా లెక్కలకే నగరం 17 లక్షలు దాటింది. ఓడల్ని కాపాడిన కొండలే పొగని బయటికి పోనివ్వని గోడలయ్యాయి.

చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి చల్లగా, దాని పైన గాలి వెచ్చగా ఉండి మూత పెట్టినట్టవుతుంది. రాత్రంతా గొట్టాలూ లారీలూ వదిలింది ఆ మూత కిందే ఉండిపోతుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది దాటి ఎండ నేలని కాచేదాకా అది లేవదు. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సన్న ధూళి అంకెలు ఎక్కువ, వానాకాలంలో తక్కువ. ఇది ఊరంతటికీ ఒకే రకంగా కాకపోయినా అందరికీ తగిలేదే.

బొగ్గు పొడి తీరు వేరు. దానికి కావలసింది నిలవ గాలి కాదు, విసురుగా వీచే గాలి. విశాఖలో ఎండాకాలం నుంచి వానాకాలం చివరిదాకా నైరుతి వైపు నుంచి వీచే గాలిదే పైచేయి. రేవు యార్డులకి ఆ గాలి కింద పడేది వన్‌టౌన్, కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం. అక్టోబరు దాటాక గాలి ఈశాన్యానికి తిరిగితే వంతు మల్కాపురం వైపుకి మారుతుంది. వీటితో పోలిస్తే సముద్రం ఒడ్డునే ఉన్న బీచ్ రోడ్డుకి బాధ తక్కువ. 

ఇప్పుడు రేణువు సైజు. ఈ లెక్క ఒక్కసారి చేసి చూస్తే మిగతాదంతా తేలికవుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. 50 మైక్రాన్ల బొగ్గు రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకి సుమారు 10 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. పది మీటర్ల కుప్ప మీంచి లేస్తే నేలకి రావడానికి 100 సెకన్లు. గాలి సెకనుకి 5 మీటర్లు వీస్తుంటే ఈలోగా అర కిలోమీటరు వెళుతుంది. 30 మైక్రాన్లదైతే కిలోమీటరున్నర దాకా. 10 మైక్రాన్ల రేణువు సెకనుకి అర సెంటీమీటరు కూడా దిగదు, పది కిలోమీటర్లు దాటి పోగలదు. నిజం గాలిలో సుడులుంటాయి కాబట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి, కానీ వరస మారదు: లావు పొడి యార్డు గోడ దాటిన మొదటి కిలోమీటరున్నరలోనే పడుతుంది. సన్నది ఊరంతా పంచుకుంటుంది.

గాలి నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ, 10 మైక్రాన్లకి మించిన రేణువుని అసలు చూడదు. యంత్రం ముక్కులోనే లావు రేణువుల్ని వేరుచేసి పక్కకి నెట్టేస్తారు, ఎందుకంటే ఊపిరితిత్తుల లోపలికి దిగేది సన్నదే. వైద్యపరంగా అది సరైన లెక్కే. కానీ మంచినీళ్ళ బిందెలో తేలేది, ఆరేసిన బట్టల మీద చారలు కట్టేది, కంట్లో పడేది, ముక్కు శుభ్రం చేస్తే నల్లగా వచ్చేది ఎక్కువగా లావు పొడి. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో 12 కాలుష్యాలకి హద్దులున్నాయి. పీఎం10కి, అంటే 10 మైక్రాన్లలోపు ధూళికి, 24 గంటల సగటు ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 60. ఇంకా సన్నదైన పీఎం2.5కి (రెండున్నర మైక్రాన్లలోపు) 60, 40. రాలే దుమ్ముకి హద్దే లేదు. కొలవని దాని మీద ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు.

రెండో తేడా చోటు. విశాఖలో గంట గంటకీ అంకె పంపే ఆటోమేటిక్ స్టేషన్ చాలా ఏళ్ళు ఒక్కటే ఉండేది, రామ్‌నగర్ వైపు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) పేరుతో. యార్డులకి అది రెండు మూడు కిలోమీటర్ల దూరం. పైన వేసిన లెక్క ప్రకారం లావు పొడి చాలావరకు అక్కడిదాకా చేరదు. మిగతా చోట్ల మనుషులు వెళ్ళి ఫిల్టరు కాగితం మార్చే మాన్యువల్ కేంద్రాలు. వాటి నిబంధన వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 కొలతలు. మిగిలిన 261 రోజులు అక్కడ ఏం జరిగిందో కాగితం మీద ఉండదు.

మూడోది సగటు. ఒక వీధిలో 21 గంటలపాటు పీఎం10 80 ఉండి, ఓడ దింపుతూ గాలి లేచిన 3 గంటలు 400 ఉందనుకోండి. 24 గంటల సగటు 120. సూచీలో అది 113 దగ్గర, "మధ్యస్థం". ఆ మూడు గంటలూ బయట తోపుడు బండి దగ్గర నిలబడ్డ మనిషికి 400 తగిలింది, 120 కాదు. ఏసీ గదిలో తలుపులు మూసుకున్నవాళ్ళు ఆ మూడు గంటల్ని సులువుగా దాటేస్తారు. రేకుల ఇంట్లో గోడకీ రేకుకీ మధ్య జానెడు సందు ఉంటుంది, అది మూసే తలుపు లేదు.

అందువల్ల దుమ్ము పడే చోట పడే దుమ్మునే కొలవాలి. కాలనీలు చేసుకోగల పని ఇది. చాలామంది చవక లేజర్ సెన్సర్ కొని మేడ మీద పెడతారు. బొగ్గు పొడికి అది పనికిరాదు. దాని ఫ్యాను లావు రేణువుల్ని లోపలికి లాగలేదు, పీఎం10 అని అది చూపించే అంకె ఎక్కువ భాగం సన్న రేణువుల నుంచి ఊహించి వేసినది. పైగా మన తీరంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు. తేమకి ఉబ్బిన ఉప్పు రేణువుల్ని కూడా అది దుమ్ముగా లెక్కేసి అంకె పెంచేస్తుంది. అధికారి ముందు పెడితే మొదటి ప్రశ్నకే పడిపోయే సాక్ష్యం.

దానికంటే స్టీలు డబ్బా నయం. నిటారు గోడలున్న, మూతి 20 సెంటీమీటర్ల వెడల్పున్న డబ్బా తీసుకోండి. అడుగున రెండంగుళాల శుభ్రమైన నీళ్ళు పోయండి, లేకపోతే పడిన పొడిని గాలి మళ్ళీ ఎత్తుకుపోతుంది. పాచి పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయాలి. అది విషం, పిల్లలకి అందకూడదు. పిట్టగోడకి దూరంగా, మేడ మధ్యలో ఓ స్టాండు మీద పెట్టి, కాకులు వాలకుండా చుట్టూ తీగ కట్టండి. నీళ్ళు ఇంకితే పోస్తూ ఉండాలి. ముప్పై రోజులయ్యాక వడపోత కాగితంతో వడకట్టి, ఆరబెట్టి, 0.01 గ్రాము చూపే తూకం మీద తూచాలి. కాగితం బరువు ముందే రాసి ఉంచుకోవాలి. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే: ఒకసారి పొడిగా, ఒకసారి చెమ్మగా తూస్తే కాగితం తేమే దుమ్ముకన్నా ఎక్కువ తూగుతుంది. రెండుసార్లూ ఒకే వేడిలో, ఒకే సేపు ఆరబెట్టి వెంటనే తూచాలి. డబ్బా మూతి వైశాల్యం 0.0314 చదరపు మీటర్లు. 0.3 గ్రాములు వచ్చిందంటే చదరపు మీటరుకి సుమారు 9.5 గ్రాములు. చదరపు కిలోమీటరుకి 9.5 టన్నులన్నా అదే. జ్ఞానాపురంలో ఒకటి, మల్కాపురంలో ఒకటి, రేవుకి దూరంగా ఉన్న ఎంవీపీ కాలనీలో ఒకటి ఒకే నెలలో పెట్టి పోల్చాలి. ఒక్క డబ్బా అంకె ఏమీ చెప్పదు, పక్కపక్కన పెట్టిన మూడు అంకెలు చెబుతాయి.

తోడుగా రోజువారీ రుజువు: పారదర్శకమైన టేపు ముక్కని టైలు మీద అద్ది తెల్ల కాగితానికి అతికించి, తేదీ, వేళ, గాలి దిక్కు రాయడం. పది రెట్లు చూపే భూతద్దంలో బొగ్గు పెంకులు గాజు పలుకుల్లా చదునైన ముఖాలతో కనిపిస్తాయి. రోడ్డు మట్టి గుండ్రంగా, గోధుమ రంగులో ఉంటుంది.

యార్డు లోపల ఏం తప్పుతుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. బొగ్గు నాలుగు చోట్ల లేస్తుంది: ఓడ నుంచి గ్రాబ్ (క్రేనుకి ఉండే ఇనప పంజా) ఎత్తి హాపర్లో (గరాటు లాంటి తొట్టిలో) వదిలేటప్పుడు, కుప్ప పోసేటప్పుడు, కుప్ప మీద గాలి వీచినప్పుడు, మళ్ళీ రైలుకో లారీకో ఎక్కించేటప్పుడు. గ్రాబ్ ఎంత ఎత్తు నుంచి వదిలితే అంత పొడి. ఆపరేటరు త్వరగా ముగించాలని పైనుంచే తెరిచేస్తే, కింద ఎన్ని నీళ్ళు చల్లినా ఆ మేఘం ఆగదు. ఓడ రేవులో ఎక్కువసేపు నిలిస్తే డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, కట్టాలి. తొందరంతా అక్కడి నుంచే వస్తుంది.

నీళ్ళు చల్లడం అందరికీ తెలిసిన మందు. దాని వెనక ఒక లెక్క ఉంది. బొగ్గు తూకం మీద అమ్ముడవుతుంది, తేమ పెరిగితే ధరలో కోత పడుతుంది, బాయిలర్లో వేడి తగ్గుతుంది. కనక నీళ్ళు పొదుపుగా చల్లాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. పైపొర తడిపితే ఏప్రిల్ ఎండకి కాసేపట్లో ఆరిపోతుంది. రోజుకి రెండుసార్లు అని రాసిపెట్టిన షెడ్యూలు జనవరిలో సరిపోతుంది, మేలో సరిపోదు. గాలి వేగాన్ని బట్టి చల్లాలి: యార్డులో గాలి కొలిచే యంత్రం ఉండి, సెకనుకి 5, 6 మీటర్లు దాటగానే స్ప్రింక్లర్లు మొదలవ్వాలి, ఇంకా పెరిగితే పని ఆపాలి. "గాలి ఎంత దాటితే పని ఆపుతారు, పోయిన నెలలో ఎన్ని గంటలు ఆపారు" అన్నది యార్డువాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న. "నీళ్ళు చల్లుతున్నారా" అనడిగితే ఎప్పుడూ ఔననే వస్తుంది.

చల్లిన నీళ్ళు బొగ్గు రంగులో కాలవలోకి పోతాయి. ఆ పొడి అడుక్కి దిగడానికి తవ్విన సెట్లింగ్ గుంటల్లో పూడిక తీయకపోతే ఆ బురద పొంగి రోడ్డెక్కి, ఎండి, చక్రాల కింద మళ్ళీ దుమ్మవుతుంది. గుంటల పూడిక జూన్ వానలకి ముందే తీయాలి. అడ్డు గోడ విషయంలో కూడా ఓ పొరపాటు ఉంది. నిండు గోడ కడితే గాలి దాని మీంచి ఎగిరి అవతల సుడి తిరిగి పొడిని ఇళ్ళ మీదే దింపుతుంది. సగం ఖాళీగా ఉండే జల్లెడ లాంటి తెర గాలి వేగాన్ని తగ్గిస్తుంది. చెట్ల వరసలూ అదే పని చేస్తాయి, కాకపోతే రెండు మూడు వరసలు, ఎత్తు తగ్గుతూ పెరుగుతూ, ఆకు దట్టంగా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరంలో చెట్లని వేళ్ళతో సహా పెకలించింది. ఆ తర్వాత నాటిన మొక్కల్లో ఎన్ని యార్డుల అంచున నిజంగా అడ్డు తెరగా ఎదిగాయో లెక్క తీయాలి. నాటిన మొక్కల సంఖ్య చూసి సంతోషిస్తే చాలదు.

రైలు సంగతి చిన్నది. ఒక బొగ్గు గూడ్సు రైలుకి 58 దాకా బాక్సెన్ రకం వాగన్లు, మొత్తం బొగ్గు మూడున్నర వేల టన్నులు దాటుతుంది. పైన మూత లేదు. లోడు పైభాగం చదును చేసి తడిపి పంపితే దారిలో ఎగిరేది బాగా తగ్గుతుంది.

లారీ మాత్రం వీధిలో తిరిగేది. టార్పాలిన్ కప్పడం అంటే పైన పరచడం కాదు, బాడీ అంచులు దాటి కిందికి దించి తాడుతో బిగించడం. బొగ్గు పక్క పలకల కన్నా కిందే ఉండాలి. వెనక తలుపు సందులోంచి కూడా పొడి కారుతుంది, అక్కడ గోనె కుక్కడం ఒక్క నిమిషం పని. గేటు దగ్గర చక్రాలు కడిగే గుంటలో నీళ్ళు చిక్కని బురదైతే లారీ అందులోంచి వచ్చి మరింత బురద మోసుకెళుతుంది. అలా రోడ్డు మీద పడ్డది ప్రతి వాహనంతోనూ లేస్తుంది.

దాన్ని ఊడ్చేది జీవీఎంసీ పారిశుద్ధ్య కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్ళు. పని తెల్లవారుజామున మొదలవుతుంది. చలికాలంలో పైన చెప్పిన మూత సరిగ్గా అప్పుడే బిగిసి ఉంటుంది. పొడి రోడ్డు మీద పొడి చీపురుతో ఊడిస్తే లేచిన దుమ్ము తల ఎత్తులోనే నిలబడి ఉంటుంది, వాళ్ళు అందులోనే పీలుస్తూ ముందుకి నడుస్తారు. నగరంలో బాగా చెడ్డ గాలి పీల్చే ఉద్యోగాల్లో ఇదొకటి. ముందు ట్యాంకరుతో పలచగా తడిపి తర్వాత ఊడ్చడం, ఆ వీధులకి ఊడ్చే యంత్రాన్ని రాత్రే పంపడం, గుడ్డ ముక్క బదులు ఎన్95 మాస్కులు వారానికి సరిపడా ఇవ్వడం ఖర్చుతో కూడిన పెద్ద సంస్కరణలేమీ కావు. యంత్రానికి కూడా హద్దుంది. దాని నీళ్ళ ట్యాంకు ఖాళీ అయితే దుమ్ము ఊదుతుంది. తారు అంచు దాటి మట్టి ఉన్న చోట అది పనిచేయదు. అంచుదాకా సిమెంటు వేయకుండా యంత్రం కొంటే దుమ్ము పక్క నుంచి మళ్ళీ వచ్చి పడుతుంది.

దీనికి డబ్బు లేదనే మాట వద్దు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో విశాఖకి చోటు దక్కింది. పది లక్షల జనాభా దాటిన నగరంగా 15వ ఆర్థిక సంఘం గాలి కోసం ఇచ్చిన గ్రాంటుల్లోనూ విశాఖకి వాటా వచ్చింది. ఆ పథకాల్లో పని తీరు చూసేది ప్రధానంగా పీఎం10 ఏడాది సగటు తగ్గుదలతో. కాబట్టి గాలి కొలిచే యంత్రం ఎక్కడ కూర్చుందో, డబ్బు ఏ వీధిలో ఖర్చయిందో రెండూ అడగాలి. వార్డు వారీగా, రోడ్డు పేరుతో అడగాలి. నగరం మొత్తానికి ఎంత అంటే జవాబు గుండ్రంగా వస్తుంది.

అడిగే దారి సమాచార హక్కు చట్టం. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు, జిల్లా స్థాయి ఆఫీసులో ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. "కాలుష్యం వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదో బ్రోచర్ వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని కాగితాలు పేరుపెట్టి అడగాలి: ఫలానా యార్డుకి గాలి చట్టం 1981 కింద ఇచ్చిన నిర్వహణ సమ్మతి పత్రం, షరతుల జాబితాతో సహా. పర్యావరణ అనుమతి ఉన్న ప్రాజెక్టయితే ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి ఇవ్వాల్సిన అర్ధ సంవత్సర నివేదికలు. సెప్టెంబరు 30 లోపు ఇచ్చే పర్యావరణ ప్రకటన. మండలి అధికారులు తనిఖీకి వెళ్ళిన రోజుల నివేదికలు. షరతుల్లో కుప్ప ఎత్తు ఇంతని, టార్పాలిన్ తప్పనిసరని, స్ప్రింక్లర్లు ఇన్నని రాసి ఉంటుంది. ఆ షరతు నంబరు వేసి, పక్కన మీ ఫొటో తేదీ వేసి ఫిర్యాదు రాస్తే అది పోట్లాట కాదు, రికార్డు. జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. రోజు కూలి మనిషికి సోమవారం అంటే ఒక రోజు కూలి. సమ్మతి పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి. కాలేజీ చదువుతున్న పిల్లలు, రిటైరైన ఉద్యోగులు, బీచ్ రోడ్డు వైపు సంక్షేమ సంఘాలవాళ్ళు ఈ కాగితాల పని పంచుకోవాలని గట్టిగా అనిపిస్తుంది. వాళ్ళ మేడ మీద పొడి పడకపోయినా, సన్న ధూళి వాళ్ళదాకా వస్తూనే ఉంది.

పర్యావరణ అనుమతి కావలసిన కొత్త ప్రాజెక్టో విస్తరణో వస్తే, మినహాయింపు ఉన్నవి తప్ప, ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభ అంతా వీడియో తీయాలి. మినిట్స్, అంటే సభలో వచ్చిన మాటల నమోదు, అక్కడే, జనం ముందే, తెలుగులో చదివి వినిపించాలి. మాట్లాడి భోజనాల వేళకి వెళ్ళిపోకుండా ఆ చదవడం అయ్యేదాకా కూర్చోండి. మీ డబ్బా అంకె అందులో లేకపోతే లేచి చేర్పించండి. అక్కడ రాసుకోని అభ్యంతరం తర్వాత ఢిల్లీలోనో అమరావతిలోనో ఫైలు చూసే నిపుణుల కమిటీ ముందుకి రాకపోవచ్చు. అనుమతి వచ్చేశాక మిగిలే దారి చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం. అనుమతి మీదే అప్పీలైతే 30 రోజుల్లో, వేరే పర్యావరణ వివాదమైతే కారణం తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లో, నష్టపరిహారానికైతే అయిదేళ్ళలో వెళ్ళాలి. అందుకే డబ్బా పెట్టిన మొదటి రోజు తేదీ నోటుబుక్కులో పెన్నుతో రాసి, ఇద్దరు పొరుగువాళ్ళ చేత సంతకాలు పెట్టించి ఉంచుకోండి.